అంగన్‌వాడీ అన్న మాట వెనుక

మన ఊళ్ళలో 'అంగన్‌వాడీ' అన్న మాట తెలియనివారు ఉండరు. కానీ ఆ మాటకు అర్థమేమిటి, ఆ పేరు ఎవరు, ఎందుకు పెట్టారు అని అడిగితే చాలామంది తడుముకుంటారు. 'అంగన్' అంటే ముంగిలి. ఇంటి ముంగిట్లో నడిచే బడి అంగన్‌వాడీ. పసిపిల్లల బడి ఎలా ఉండాలి అన్న ప్రశ్నకు జవాబు వెతుకుతూ కొందరు మన దేశంలో ముప్పయ్యేళ్ళపాటు చేసిన కృషి ఈ ఒక్క మాటలో ఇమిడి ఉంది.

తోట నుంచి మురికివాడకు

పసిపిల్లలకు విడిగా బడి పెట్టాలన్న ఆలోచన యంత్రయుగంతోపాటే పుట్టింది. తల్లులు మిల్లులకు వెళితే పిల్లల్ని ఎవరు చూస్తారు? స్కాట్లండ్‌లోని న్యూ లానార్క్‌లో నూలు మిల్లు నడిపిన రాబర్ట్ ఓవెన్ 1816లో కార్మికుల పిల్లలకోసం బడి తెరిచాడు. అక్కడ పిల్లల్ని కొట్టకూడదు, తిట్టకూడదు. ఆట, పాట, నృత్యం ఉండేవి. 1837లో జర్మనీలో ఫ్రెడరిక్ ఫ్రోబెల్ మరో బడి మొదలుపెట్టి, 1840లో దానికి 'కిండర్‌గార్టెన్' అని పేరు పెట్టాడు. అంటే పిల్లల తోట అని అర్థం. పిల్లవాడికి ఆట కాలక్షేపం కాదు, అదే వాడి చదువు అన్నది ఫ్రోబెల్ సిద్ధాంతం. ఇందులో ప్రమాదమేం కనిపించిందో గాని, ప్రష్యా ప్రభుత్వం 1851లో ఈ బడులను నిషేధించింది. మరుసటి ఏడాదే ఫ్రోబెల్ కన్నుమూశాడు. 1860లో నిషేధం ఎత్తివేశారన్న సంగతి వినే భాగ్యం ఆయనకు దక్కలేదు.

1907 జనవరి 6న రోమ్ నగరంలోని సాన్ లోరెంజో పేటలో మరియా మాంటిస్సోరి తన తొలి 'బాలల గృహం' తెరిచారు. ఆమె వృత్తిరీత్యా డాక్టరు. డాక్టరు రోగిని గమనించినట్టే ఆమె పిల్లల్ని ఓపికగా గమనించారు. పిల్లల ఎత్తుకు తగిన బల్లలు, వారి చేతికి అందే అలమరలు చేయించారు. తనకు నచ్చిన పని దొరికితే మూడేళ్ళ పిల్ల కూడా చాలాసేపు ఏకాగ్రతతో చేస్తుందని గుర్తించారు. ఉపాధ్యాయురాలి పని పాఠం చెప్పడం కన్నా చూడటం, తగిన వస్తువు అందించడం అన్నారు.

మీసాల అమ్మ

ఈ ఆలోచనలు గుజరాత్‌లో ఒక వకీలుకు చేరాయి. ఆయన గిజుభాయి బధేకా (1885-1939). తన కొడుకును ఎలా పెంచాలా అని ఆలోచిస్తూ మాంటిస్సోరి పద్ధతి గురించి చదివాడు. 1916లో వకాలతు వదిలి భావనగర్‌లోని దక్షిణామూర్తి సంస్థలో చేరాడు. 1920లో అక్కడే బాలమందిరం ప్రారంభించాడు.

గిజుభాయి మాంటిస్సోరిని గౌరవించాడే గాని, గుడ్డిగా అనుసరించలేదు. పసివాళ్ళకు కల్పిత కథలు అవసరం లేదని ఆమె భావించారు. గిజుభాయి బడిలోనేమో కథ లేని రోజు లేదు. అమ్మమ్మలు చెప్పే జానపద కథలు, పాటలు, నాటకాలు ఆ బడికి ప్రాణం. బెత్తానికి, పరీక్షకు అక్కడ చోటు లేదు. గుబురు మీసాల ఈ మాస్టారికి జనం పెట్టిన ముద్దుపేరు 'మీసాల అమ్మ'.

1939 జూన్‌లో గిజుభాయి మరణించాడు. అదే ఏడాది నవంబరులో మాంటిస్సోరి మద్రాసులో అడుగుపెట్టారు. అప్పటికి కోస్తా, రాయలసీమ జిల్లాలు కూడా మద్రాసు రాష్ట్రంలోనివే. అడయారులో తాటాకు పాకల్లో నడిచిన ఆమె తొలి శిక్షణ తరగతికి సుమారు 300 మంది వచ్చారు. యుద్ధం వల్ల ఆమె 1946 దాకా ఇక్కడే ఉండిపోయారు. తన పద్ధతిని ఈ నేల మీద నాటినవాణ్ణి ఇక్కడ కలుసుకునే అవకాశం మాత్రం అప్పటికే దాటిపోయింది.

పిల్లలు రాకపోతే?

గిజుభాయి సహచరి తారాబాయి మోదక్. ఆమె 1923లో భావనగర్ వచ్చి చేరారు. 1926లో వీరిద్దరూ కలిసి నూతన బాల శిక్షణ సంఘం స్థాపించారు. ఎన్నేళ్ళు పనిచేసినా ఒక లోటు ఆమెను వదల్లేదు. ఈ మంచి బడులన్నీ పట్టణాల్లో, కాస్త కలిగినవారి పిల్లలకే అందుతున్నాయి. మాంటిస్సోరి పరికరాల ఖరీదు పేదబడి భరించలేనిది.

1945లో ఆమె మహారాష్ట్ర తీరంలోని బోర్డీ గ్రామం చేరారు. అనుతాయి వాఘ్ ఆమెతో చేయి కలిపారు. బాలవాడి తెరిచారు గాని, పేదపేటల పిల్లలు సరిగా రాలేదు. తల్లి కూలికి పోతుంది. పిల్లకు స్నానం చేయించి, తల దువ్వి పంపేదెవరు? దాంతో తారాబాయి బడినే వాళ్ళ ముంగిట్లోకి తీసుకుపోయారు. అదే అంగన్‌వాడీ. మొదటి పాఠం స్నానం, గోళ్ళు తీయడం. తర్వాత పాట, కథ. ఖరీదైన పరికరాల స్థానంలో గవ్వలు, గులకరాళ్ళు, గింజలు, ఆకులు వచ్చాయి. లెక్కించడానికి, రంగులు పోల్చడానికి, బరువు గ్రహించడానికి అవి చాలు.

1957లో ఈ పని దగ్గరలోని కోస్‌బాడ్‌కు, వార్లీ గిరిజనుల మధ్యకు మారింది. అక్కడ మరో చిక్కు ఎదురైంది. ఎనిమిదేళ్ళ పిల్ల చంకలో తమ్ముడుంటే ఆమె బడికి ఎలా వస్తుంది? అందుకే శిశుగృహం, బాలవాడి, ప్రాథమిక పాఠశాల ఒకేచోట పెట్టారు. పశువులు కాసే పిల్లలకోసం పచ్చికబయలు మీదే బడి నడిపారు.

కొలిచి చూస్తే

ఇలాంటి బడి వల్ల నిజంగా మేలుందా? అమెరికాలో మిషిగాన్ రాష్ట్రం ఇప్సిలాంటి పట్టణంలో 1962లో ఒక ప్రయోగం మొదలైంది. పేద నల్లజాతి కుటుంబాల పిల్లలు 123 మందిలో 58 మందికి మంచి నర్సరీ బడి అందించారు, తక్కిన 65 మందికి అందించలేదు. ఒక్కో ఉపాధ్యాయురాలి దగ్గర ఐదారుగురే పిల్లలు. ఆమె వారానికోసారి పిల్లవాడి ఇంటికి వెళ్ళి గంటన్నర గడిపేది. తెలివితేటల పరీక్షలో మొదట కనిపించిన ఆధిక్యం కొన్నేళ్ళలోనే కరిగిపోయింది. కానీ వారికి నలభై ఏళ్ళు వచ్చాక చూస్తే బడికి వెళ్ళినవారిలో హైస్కూలు చదువు పూర్తిచేసినవారు, ఉద్యోగాల్లో ఉన్నవారు ఎక్కువ. నేరాలకు అరెస్టయినవారు తక్కువ. ప్రయోగం చిన్నదే. అయినా అది చెప్పే సంగతి ఆలోచించదగ్గది. పిల్లవాడికి మిగిలింది ముందుగా నేర్చిన అక్షరాలు కావు; పనిలో కుదురుకోవడం, నలుగురితో మెలగడం.

మన సంగతేమిటి?

1975 అక్టోబరు 2న కేంద్ర ప్రభుత్వం 33 బ్లాకుల్లో సమగ్ర శిశు అభివృద్ధి పథకం ప్రారంభించినప్పుడు 'అంగన్‌వాడీ' అన్న పేరునే తీసుకుంది. నేడు దేశంలో దాదాపు 14 లక్షల కేంద్రాలున్నాయి. పథకంలోని ఆరు సేవల్లో ఆహారం, టీకాలు మన కళ్ళకు కనిపిస్తాయి. పూర్వ ప్రాథమిక విద్య మాత్రం తరచుగా వెనకబడుతుంది. రిజిస్టర్లు, సర్వేలు, వంట చూసుకునే కార్యకర్తకు కథ చెప్పే తీరిక ఏదీ? ఆమెకు ఇచ్చేది కూడా జీతం కాదు, 'గౌరవ వేతనం'.

మరోవైపు పట్టణాల్లో మూడేళ్ళవాడి చేత నాలుగు గీతల పుస్తకాలు నింపించే నర్సరీలు వెలిశాయి. నర్సరీ ప్రవేశానికి పరీక్షలు, ఇంటర్వ్యూలు రద్దు చేయాలని యశ్‌పాల్ కమిటీ 1993లోనే చెప్పింది. 2009 విద్యాహక్కు చట్టం అలాంటి వడపోతను నిషేధించింది. కానీ ఆ చట్టం హక్కు ఇచ్చింది 6 నుంచి 14 ఏళ్ళ వారికే. ఆరేళ్ళలోపు పిల్లల చదువుకు ప్రభుత్వం ఏర్పాట్లు చేయవచ్చని 11వ సెక్షను చెప్పింది గాని, దాన్ని హక్కుగా చేయలేదు.

కనుక మీ పాపను బడిలో చేర్చబోయే ముందు భవనం రంగు చూడకండి, ఏ.బి.సి.డి.లు ఎన్నాళ్ళకు వస్తాయని అడగకండి. ఒక్కో టీచరు దగ్గర ఎంతమంది పిల్లలున్నారు? వాళ్ళ చేతుల్లో ఏముంది? కథ ఏ భాషలో చెబుతున్నారు? ఏడ్చే పిల్లను ఎవరు ఎత్తుకుంటున్నారు? ఈ నాలుగూ చూడండి. అంతటితో ఆగకుండా మీ వీధి చివరి అంగన్‌వాడీకి కూడా వెళ్ళి ఇవే ప్రశ్నలు వేయండి. అక్కడ చదివేదీ మన పిల్లలే.