గేటు పుస్తకం, గస్తీ గడియారం

ప్రత్యేక సంచికకు పాత సంగతులు ఏవైనా రాయమని మన కార్యదర్శిగారు అడిగారు. అకౌంట్సు వారు, ప్రొడక్షన్ వారు రాసినంత ఘనంగా నేనేం రాయగలను? ముప్పయ్యేళ్లకు పైగా గేటు దగ్గర నిలబడ్డవాణ్ణి. అయినా ఆ గేటుకూ ఒక చరిత్ర ఉంది గనుక తెలిసినంత మనవి చేస్తాను.

కాపలా మనకు కొత్త కాదు. ఊళ్లలో తలారి ఉండేవాడు, హైదరాబాదులో కొత్వాలు ఉండేవాడు. రైల్వేలు, కర్మాగారాలు వచ్చాక ఆ పనికి 'వాచ్ అండ్ వార్డ్' అని పేరొచ్చింది. రైల్వేలోని ఆ విభాగమే 1957 చట్టంతో రైల్వే రక్షక దళం అయింది. 1964లో రాంచీ హెవీ ఇంజనీరింగ్ కార్పొరేషన్‌లో పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. విచారణ జరిపిన జస్టిస్ ముఖర్జీ, ప్రభుత్వ రంగ పరిశ్రమలకు ప్రత్యేక భద్రతా దళం కావాలని సిఫారసు చేశారు. 1968లో చట్టం వచ్చి, 1969 మార్చి 10న సి.ఐ.ఎస్.ఎఫ్. ఏర్పడింది. మా యూనిట్ వంటి చిన్నచోట్ల మాత్రం వాచ్ అండ్ వార్డే కొనసాగింది.

నేను 1974లో చేరాను. మా హెడ్ వాచ్‌మన్ మాజీ సైనికుడు. మొదటి రోజే నాలుగు ప్రశ్నలు వల్లె వేయించారు: ఎవరు, ఏ పని మీద, ఎవరి అనుమతితో, ఎన్ని గంటలకు? లోపలికి వచ్చిన మనిషి బయటికి వెళ్లినట్టు రాస్తేగాని ఆ వరుస పూర్తి కాదు. సరుకుకు గేటు పాసు ఉండాలి. మరమ్మతుకు వెళ్లే మోటారుకు తిరిగి రావలసిన పాసు వేరు, అమ్మిన సరుకుకు పాసు వేరు. పాసు మీద పది అని ఉంటే పదీ చేత్తో లెక్కపెట్టాలి.

గస్తీకి గడియారం ఉండేది. దీన్ని 1855లో జర్మనీకి చెందిన యొహానెస్ బ్యూర్క్ తయారు చేశాడు. తోలు సంచిలో భుజాన వేసుకునేవాళ్లం. గోడల వద్ద గొలుసుతో కట్టిన తాళంచెవులు ఉండేవి. ఆ పాయింటుకు వెళ్లి చెవి దూర్చి తిప్పితే, లోపలి కాగితం మీద దాని నంబరు, టైము పడేవి. ఉదయం ఆఫీసరుగారు తెరిచి చూసేవారు. అయితే గడియారానికి కళ్లు లేవు. తాళం పట్టి లాగి చూడాలి, కాలుతున్న వైరు వాసన పట్టాలి, రోజూ ఒకే వేళకు ఒకే దారిన వెళ్లకూడదు. ఇవన్నీ మనిషి పనులు.

1979 వర్షాకాలంలో ఒక రాత్రి ఆరు పాయింట్లు తిరిగి పంపుహౌసుకు వెళ్లేసరికి, ఆపరేటరు గుండె పట్టుకుని నేలమీద పడి ఉన్నాడు. అక్కడి ఫోన్లో గేటుకు చెప్పాను. అంబులెన్సు వచ్చి తీసుకువెళ్లేదాకా ఆయన్ని వదల్లేదు. మిగతా ఆరు పాయింట్లూ ఆ రౌండులో ఖాళీ. మర్నాడే మెమో: డ్యూటీలో నిద్రపోయినట్టు ఎందుకు భావించరాదు? ఇంక్రిమెంటు పోతుందని ఇంట్లో అన్నం సయించలేదు.

నన్ను కాపాడింది గేటు పుస్తకం. ఆ రాత్రి గేటులో ఉన్న మిత్రుడిది నిదానమైన చేతిరాత. "పెళ్లి శుభలేఖ రాస్తున్నావా?" అని నేనే ఎన్నోసార్లు ఎగతాళి చేశాను. ఆయన అంబులెన్సు వచ్చిన టైము, వెళ్లిన టైము, కారణం రాసి, 'పంపుహౌసు నుంచి ఫోను చేసినవారు' అని నా పేరు కూడా రాశాడు. తొమ్మిదో రోజున మెమో రద్దయింది. ఆపరేటరు బతికి, మళ్లీ డ్యూటీకి వచ్చాడు. ఆ తర్వాత నేనెప్పుడూ ఆ మిత్రుణ్ణి తొందరపెట్టలేదు.

2005లో ప్రైవేటు భద్రతా సంస్థలకు చట్టం వచ్చింది. 2006 నమూనా నియమాలు గార్డుకు వంద గంటల తరగతి శిక్షణ, అరవై గంటల క్షేత్ర శిక్షణ ఉండాలన్నాయి. మా అపార్టుమెంటు గార్డును అడిగితే, తనకు ఒక పూట చెప్పి యూనిఫారం ఇచ్చారన్నాడు. అందుకే రోజూ సాయంత్రం కాసేపు ఆయన దగ్గర కూర్చుంటున్నాను. నాలుగు ప్రశ్నలూ వచ్చేశాయి. బయటికి వెళ్లిన టైము రాయడం మాత్రం ఇంకా మరిచిపోతున్నాడు.