వడగాల్పులు - తీరప్రాంత మండలాలలో పాటించవలసిన జాగ్రత్తలు

సబ్బవరం: పల్నాడు జిల్లా రెంటచింతలలో 45 డిగ్రీల ఉష్ణోగ్రత నమోదైతే అది మరునాటి పత్రికలలో ప్రధాన వార్త అవుతుంది. అదే రోజున అనకాపల్లి జిల్లా సబ్బవరంలో 38 డిగ్రీలు నమోదైతే దానిని మామూలు ఎండగానే భావించడం పరిపాటి. ఈ భావన ప్రమాదకరమైనది. చెమట ఆరినప్పుడే శరీరం చల్లబడుతుంది. ఎడారి ప్రాంతపు పొడిగాలిలో చెమట వెంటనే ఆరిపోతుంది. బంగాళాఖాతపు తేమ నిండిన గాలిలో అది ఆరక కారిపోతుంది. శరీరంలోని నీరు, లవణాలు తరుగుతాయే గాని వేడి తగ్గదు. అమెరికా జాతీయ వాతావరణ సంస్థ ఉష్ణ సూచిక ప్రకారం నీడలో 38 డిగ్రీల వేడి, గాలిలో 50 శాతం తేమ కలిసినప్పుడు శరీరానికి అది దాదాపు 48 డిగ్రీలుగా తోస్తుంది. ఎండలో పనిచేసే వారికి ఇంకా ఎక్కువే.

భారత వాతావరణ శాఖ ఈ కారణంగానే తీరప్రాంతానికి వేరు ప్రమాణం నిర్ణయించింది. మైదానాలలో గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలకు, తీరప్రాంతంలో 37 డిగ్రీలకు చేరి, సాధారణం కంటే 4.5 డిగ్రీలు లేదా అంతకు మించి అధికంగా ఉంటే వడగాల్పులుగా పరిగణిస్తారు. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ వేసవిలో మండలాల వారీగా హెచ్చరికలు విడుదల చేస్తుంది. కేవలం డిగ్రీలను గాక, హెచ్చరిక జాబితాలో మండలం పేరు ఉన్నదీ లేనిదీ చూసి వార్తలు ఇవ్వడం ప్రజలకు మేలు చేస్తుంది.

2003 వేసవిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వడదెబ్బకు 3 వేల మందికి పైగా మరణించారు. 2015లో విభజనానంతర రాష్ట్రంలో 1,369 మంది మృతి చెందారు. ఆ మరుసటి ఏడాది, 2016లో, రాష్ట్ర ప్రభుత్వం వడగాల్పుల కార్యాచరణ ప్రణాళికను రూపొందించింది.

అనకాపల్లి జిల్లాలో జీడిపిక్కల సేకరణ, మామిడి కోతలు, ఇటుక బట్టీల పనులు సరిగ్గా ఎండలు ముదిరే నెలలలోనే సాగుతాయి. ఉదయం 11 గంటలకు ముందే పనులు ముగించి, తిరిగి సాయంత్రం 4 గంటల తరువాత చేపట్టడం శ్రేయస్కరం. వేడికి శరీరం అలవాటు పడడానికి వారం నుండి రెండు వారాలు పడుతుంది. అందువలన కొత్తగా పనిలో చేరిన కూలీలకు మొదటి రోజులలో తక్కువ పని, ఎక్కువ విశ్రాంతి ఇవ్వాలి. దాహం వేసే వరకు ఆగకుండా నీరు, పలుచని మజ్జిగ, చోడి అంబలి తీసుకుంటూ ఉండాలి. ఓ.ఆర్‌.ఎస్‌. ప్యాకెట్టును లీటరు నీటిలో కలపాలి; ప్యాకెట్టు లేనప్పుడు లీటరు నీటికి 6 చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు సరిపోతాయి. గుండె, మూత్రపిండాల రోగులు వైద్యుని సలహా పాటించాలి.

వడదెబ్బ తగిలిన వారికి చెమట పట్టదన్న నమ్మకం గ్రామాలలో బలంగా ఉన్నది. ఇది పూర్తిగా నిజం కాదు. శ్రమ చేస్తూ పడిపోయిన వ్యక్తి శరీరం చెమటతో తడిసి ఉండవచ్చు. మాట తడబడడం, తికమక, మూర్ఛ, 104 డిగ్రీల ఫారన్‌హీట్ దాటిన జ్వరం అసలు లక్షణాలు. వెంటనే 108కు ఫోను చేసి, వాహనం వచ్చే లోపుననే బాధితుని నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా చల్లని నీటితో తడుపుతూ విసరాలి. చల్లబరచడంలో జరిగే ఆలస్యమే ఎక్కువగా ప్రాణాలు తీస్తున్నది. స్పృహ లేని వారికి నీరు త్రాగించరాదు. జ్వరపు మాత్రలు ఈ వేడిని తగ్గించవు.

వడదెబ్బ మరణాలను మండల స్థాయిలో తహసీల్దారు, వైద్యాధికారి, పోలీసు సబ్‌ఇన్‌స్పెక్టరులతో కూడిన త్రిసభ్య సంఘం నిర్ధారిస్తుంది. అంతవరకు పత్రికలు వాటిని అనుమానిత మరణాలుగా పేర్కొనడం సముచితం. తేమ అధికంగా ఉన్న చోట, థర్మామీటరు అంకె తక్కువగా ఉన్నందున, ఇటువంటి మరణం గుండెపోటుగా నమోదయ్యే అవకాశం ఉన్నది. బాధితుని శరీర ఉష్ణోగ్రతను ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చేరిన వెంటనే కొలిచి, సమయంతో సహా నమోదు చేస్తే సంఘం విచారణకు అది ముఖ్య ఆధారం అవుతుంది.