పోరిన్
పోరిన్లు గ్రామ్ నెగటివ్ బాక్టీరియాల వెలుపలి పొరలో ఉండే ఒక రకమైన ప్రోటీన్లు. ఇవి నీటితో నిండిన సన్నని రంధ్రాలుగా ఏర్పడి చక్కెరలు, అమైనో ఆమ్లాలు, లవణాలు వంటి చిన్న అణువులను లోనికి రానిస్తాయి. అనేక యాంటీబయాటిక్ మందులు కూడా ఈ దారిలోనే ప్రవేశిస్తాయి. అందువలన ఈ రంధ్రాలు ఇరుకైనా, వాటి సంఖ్య తగ్గినా మందులకు బాక్టీరియా లొంగకపోయే ప్రమాదం ఉంది.

వెలుపలి పొర

డెన్మార్క్ వైద్యుడు హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ 1884లో ప్రకటించిన అద్దకపు పద్ధతి ఆధారంగా బాక్టీరియాలను రెండు ప్రధాన వర్గాలుగా విభజిస్తారు. గ్రామ్ నెగటివ్ వర్గంలో కణత్వచానికి, కణకుడ్యానికి వెలుపల మరొక పొర కూడా ఉంటుంది. దీని బయటి భాగం లిపోపాలీశాకరైడ్ అణువులతో దట్టంగా ఉండటం వలన చాలా మందులు నేరుగా చొరబడలేవు.

చరిత్ర

1976లో తైజీ నకాయె ఈ ప్రోటీన్లను బాక్టీరియాల నుండి వేరుచేసి, అవి కృత్రిమ పొరలలో రంధ్రాలను ఏర్పరుస్తాయని నిరూపించాడు. పోరిన్ అనే పేరు పెట్టినది కూడా ఇతడే. 1991లో రోడోబాక్టర్ కాప్సులేటస్ పోరిన్, 1992లో ఎషరీషియా కోలైలోని ఓంప్-ఎఫ్ పోరిన్ నిర్మాణాలు ఎక్స్-కిరణాల సహాయంతో వెల్లడయ్యాయి.

నిర్మాణం

ఓంప్-ఎఫ్‌లో మూడు ప్రోటీన్ గొలుసులు జట్టుగా ఉంటాయి. ప్రతి గొలుసు 16 పట్టీలతో పీపా ఆకారంలో చుట్టుకొని ఉంటుంది. మూడవ మెలిక పీపా లోపలికి వంగి దారిని ఇరుకు చేస్తుంది. అక్కడ రంధ్రం సుమారు 7×11 ఆంగ్‌స్ట్రాములు మాత్రమే. ఆ చోట ఒక వైపు ధనావేశం, ఎదుటి వైపు ఋణావేశం ఉంటాయి. కనుక అణువు పరిమాణంతో పాటు దాని విద్యుదావేశం కూడా ముఖ్యమే. సాధారణంగా సుమారు 600 డాల్టన్లకు మించిన అణువులు ఈ రంధ్రాలలో పట్టవు. దాదాపు 350 డాల్టన్ల ఆంపిసిలిన్ లోనికి వెళ్ళగలదు. సుమారు 1,450 డాల్టన్ల వాంకోమైసిన్ వెళ్ళలేదు. వాంకోమైసిన్ గ్రామ్ నెగటివ్ బాక్టీరియాలపై పనిచేయకపోవడానికి ఇదే ప్రధాన కారణం.

మందులకు నిరోధం

క్లెబ్సియెల్లా న్యుమోనియేలో ఉత్పరివర్తనాల వలన ఓంప్-కె35 పోరిన్ లోపించవచ్చు. ఓంప్-కె36 మూడవ మెలికలో రెండు అమైనో ఆమ్లాలు అదనంగా చేరి రంధ్రం మరింత సన్నబడవచ్చు. అప్పుడు కార్బాపెనెమ్ మందుల ప్రవేశం తగ్గుతుంది. సూడోమోనాస్ ఎరుగినోసాలో ఓప్ర్-డి అనే ప్రోటీన్ లోపిస్తే ఇమిపెనెమ్ సరిగా పనిచేయదు.

పోరిన్ల లోపం ఒక్కటే తరచుగా స్వల్ప నిరోధాన్ని మాత్రమే ఇస్తుంది. అయితే లోనికి వచ్చే మందు తగ్గినప్పుడు, ఆ కొద్దిపాటి మందును బీటా లాక్టమేజ్ ఎంజైములు విచ్ఛిన్నం చేయడం, ప్రోటీన్ పంపులు బయటకు తోడివేయడం సులభమవుతుంది. ఈ మూడూ కలిసినప్పుడు చికిత్స మరింత కష్టతరమవుతుంది. మరొక వైపు, పోరిన్లను కోల్పోయిన బాక్టీరియాకు పోషకాలు కూడా తక్కువగా అందుతాయి.

ప్రాముఖ్యత

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 జాబితాలో కార్బాపెనెమ్‌లకు లొంగని ఎంటెరోబాక్టరేలిస్ బాక్టీరియాలు అత్యంత కీలక వర్గంలో ఉన్నాయి. క్లెబ్సియెల్లా ఈ క్రమానికి చెందినదే. పోరిన్ల అవరోధాన్ని దాటడానికి వేరే ద్వారాలను వాడుకొనే మందులు కూడా రూపొందాయి. 2019లో అమెరికాలో అనుమతి పొందిన సెఫిడెరోకాల్ ఇనుముతో బంధం ఏర్పరచుకొని, బాక్టీరియా ఇనుమును గ్రహించే ద్వారాల గుండా లోనికి చేరుతుంది.