పెరట్లో కామంచి, పత్రికల్లో రచ్చ

ఎండలు ముదిరే వేళకి మన ఇళ్ళ వెనక టమాటా మళ్ళలో ఎవరూ విత్తకుండానే ఒక మొక్క లేస్తుంది. చిన్న తెల్లపూలు, మధ్యలో పసుపు, బఠాణీ గింజంత నల్లపండ్ల గుత్తులు. మన పల్లెల్లో పెరిగినవాళ్ళు "అరె, కామంచి!" అంటారు. పక్కింటి అమెరికన్ "నైట్‌షేడ్ అది, విషం, పీకెయ్యండి" అంటాడు. పిల్లలు అప్పటికే గుత్తి చేత పట్టుకుని ఉంటారు. ఎవరి మాట వినాలి?

ఈ తగవు కొత్తదేం కాదండీ. 1909లో ఇది అమెరికా పత్రికలకెక్కింది.

కాలిఫోర్నియాలోని సాంటా రోసాలో లూథర్ బర్బాంక్ అనే మొక్కల మాంత్రికుడు ఉండేవాడు. 1849లో పుట్టి 1926లో పోయాడు. మనం తినే ఫ్రెంచ్ ఫ్రైస్‌లో పేరుమోసిన రస్సెట్ బర్బాంక్ దుంప ఆయన పేరు మీదిదే. ఆఫ్రికా జాతినీ, ఐరోపా జాతినీ సంకరం చేసి నల్లపండ్ల మొక్క సాధించానన్నాడు. దానికి సన్‌బెర్రీ అని పేరు పెట్టాడు. న్యూయార్క్ రాష్ట్రం ఫ్లోరల్ పార్క్‌లో విత్తనాలమ్మే జాన్ లూయిస్ ఛైల్డ్స్ ఆ హక్కులు కొని, పేరు వండర్‌బెర్రీగా మార్చి, కేటలాగులో ఊదరగొట్టేశాడు. రూరల్ న్యూయార్కర్ అనే రైతుల పత్రిక ఊరుకోలేదు. ఇది వట్టి బ్లాక్ నైట్‌షేడ్, కలుపుమొక్క అంది. అలాగని నిరూపిస్తే 10,000 డాలర్లిస్తానని బర్బాంక్ సవాలు విసిరాడు. ఆ రోజుల్లో పదివేలంటే మాటలా!

తర్వాత ఇండియానా విశ్వవిద్యాలయంలోని చార్లెస్ హైజర్ వంటి వృక్షశాస్త్రవేత్తలు తరచి చూశారు. సంకరం కథ నిలబడలేదు. పత్రిక అన్న కలుపుమొక్కా కాదది. దక్షిణాఫ్రికా వైపు జామ్ చేసుకునే వేరే జాతి, సొలానమ్ రెట్రోఫ్లెక్సమ్.

నాకు వింతగా తోచేదేమిటంటే, పేర్ల మీద ఇంత రచ్చ జరుగుతుంటే కాన్సస్‌లో కొందరు ఇలాంటి నల్లపండ్లనే హాయిగా తింటున్నారు. రష్యాలోని వోల్గా తీరం నుంచి 1876లో ఎల్లిస్ కౌంటీకి వలసవచ్చిన జర్మన్ కుటుంబాలు వాళ్ళు. ష్వార్ట్స్‌బేరెన్ అంటారు, అంటే నల్లపండ్లు. వాటితో చేసే తీపి రొట్టె వాళ్ళ ఇళ్ళలో ఇప్పటికీ ఉంది. వాళ్ళకది మనకు కామంచి లాంటిదే.

అసలు భయమంతా పేరులోనే ఉంది. డెడ్లీ నైట్‌షేడ్ అనే బెల్లడోనా నిజంగానే ప్రాణాంతకం. దాని పండు గుత్తిగా రాదు. ఒక్కొక్కటే, చెర్రీ అంత, కింద నక్షత్రంలా విచ్చుకున్న పెద్ద ముచ్చికతో ఉంటుంది. అమెరికా పెరళ్ళలో అది అరుదు. అంతకంటే పోక్‌వీడ్‌తో జాగ్రత్త! మనిషెత్తు పెరుగుతుంది, కాడ ముదురు గులాబి రంగు, ఊదా నలుపు పండ్లు పొడుగాటి గెలగా వేలాడతాయి. చూడ్డానికి నోరూరుతుంది, కానీ విషం. కంచె మీద పాకుతూ ఊదా పూలు, ఎర్ర పండ్లు ఉంటే బిట్టర్‌స్వీట్ నైట్‌షేడ్. అదీ వద్దు.

ఇక కామంచి మాటకొస్తే, పచ్చికాయలో సొలనిన్ ఉంటుంది. పూర్తిగా నల్లబడి మెత్తనైందే పండు. మన ఊళ్ళలో ఆకు పప్పులో వేస్తారు నిజమే. అయితే ఇక్కడ మొలిచేవి చాలావరకు దాని దాయాదులు, అచ్చంగా అదే మొక్క కాదు. అందుకని ఇక్కడి ఆకుతో నేనైతే ఆ ప్రయోగం చెయ్యను. తినాలనుంటే వండర్‌బెర్రీ విత్తనాలు ఇప్పటికీ అమ్ముతున్నారు, కొని నాటుకోండి. మాగిన పండ్లు బెల్లంతో ఉడికిస్తే దోశలోకి బావుంటాయి. పిల్లలు తెలియని పండేదైనా మింగితే పాయిజన్ కంట్రోల్ నంబరు 1-800-222-1222, రాత్రీ పగలూ పలుకుతారు. పండొక్కటే కాదు, ఆకూ కాడా ఉన్న కొమ్మ కూడా దగ్గర పెట్టుకుని ఫోన్ చెయ్యండి.