ఏడో పేరు

ఉర్సులా లె గ్విన్ 1974లో రాసిన 'ది డిస్‌పొజెస్డ్' నవలలో షెవెక్ అనే భౌతికశాస్త్రవేత్త ఉంటాడు. తన సిద్ధాంతం ఏ ఒక్క ప్రభుత్వం సొత్తూ కాకూడదని దాన్ని అందరికీ ధారపోస్తాడు. ఎమ్మెస్ రోజుల్లో అది చదివి, ఇలాంటివాళ్ళు వేరే గ్రహాల్లోనే ఉంటారు కాబోలు అనుకున్నాను.

చాలా ఏళ్ళకి న్యూజెర్సీలో, మాంట్‌వేల్‌లో ప్రాజెక్టు పడింది. రాష్ట్రం సరిహద్దు దాటితే పెర్ల్ రివర్. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1940 నుంచి పనిచేసిన లెడర్లీ లాబొరేటరీస్ ఉన్న ఊరు.

ఆయన షెవెక్ కాదు లెండి. లెడర్లీ అమెరికన్ సయనమిడ్ వారిది; ఆయన మనలాగే కంపెనీ జీతగాడు. పట్టుదల మాత్రం మొదటినుంచీ ఉంది. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టి ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కి కోపం తెప్పించారు. ఎం.బి.బి.ఎస్. పోయి ఎల్.ఎం.ఎస్. మిగిలింది. హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ని కొలిచే పద్ధతి, 1929లో ఏటీపీ. అయినా అక్కడ స్థిరమైన పదవి దక్కలేదు.

లెడర్లీలో ఆయన పరిశోధనల డైరెక్టరు. అన్న పురుషోత్తాన్ని పొట్టన పెట్టుకున్న స్ప్రూ జబ్బుకి పనికొచ్చే ఫోలిక్ ఆమ్లాన్ని ఆయన బృందం తయారుచేసింది. దాని నిర్మాణం గురించి 1946లో 'సైన్స్' పత్రికలో వచ్చిన వ్యాసానికి 16 మంది రచయితలు. మొదటి ఎనిమిది పేర్లూ అక్షరక్రమంలో ఉన్నాయి: యాంజియర్, బూత్, హచింగ్స్... డైరెక్టరుగారిది ఏడోది.

ఆ ఆమ్లానికి ఎదురు పనిచేసే అమైనోప్టెరిన్‌ని కూడా అక్కడే చేశారు. దాన్ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకిచ్చారు. కొందరిలో జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గిందని 1948 జూన్‌లో ప్రకటించారు. ఆగస్టులో సుబ్బారావుగారు పోయారు. 53 ఏళ్ళు.

ఆ వ్యాసం మొదటి పేజీ ప్రింటు తీసుకున్న వారంలోనే నేనో పని చేశాను. హైదరాబాదు టీములో ఓ కుర్రాడు రాత్రుళ్ళు కూర్చుని రాసిన డిజైన్ డాక్యుమెంటు మీద నా పేరొక్కటే పెట్టి క్లయింటుకి పంపాను. ఎవరూ అడగలేదు. కుర్రాడూ అడగలేదు.

సోమవారం కొత్త వెర్షన్ పంపాను. పేర్లు అక్షరక్రమంలో పెట్టాను. నాది మూడోది.