అప్పుల్లో లేచిన నాటకశాల

టెరీ ప్రాచెట్ ఊహించిన డిస్క్‌వరల్డ్ పళ్ళెంలా బల్లపరుపుగా ఉండే లోకం. అందులో అతి పెద్ద నగరం ఆంక్-మోర్‌పోర్క్. అక్కడి నాటకశాల పేరు ‘డిస్క్’. షేక్‌స్పియర్ బృందం లండన్‌లో ఆడిన చోటు ‘గ్లోబ్’, అంటే గోళం. లోకమే పళ్ళెంలా ఉన్నచోట ఆ పేరు పెడితే ఎవరొప్పుకుంటారు? ‘వెర్డ్ సిస్టర్స్’ (1988) మొదటిసారి చదివినప్పుడు ఈ జోకుకి నవ్వుకుని ముందుకెళ్ళిపోయాను. ఈమధ్య మళ్ళీ చదువుతుంటే ధ్యాసంతా వాళ్ళ డబ్బు ఇబ్బంది మీదికి పోయింది.

విటోలర్ అనే నాటక సమాజం యజమాని డిస్క్‌ని కట్టిస్తుంటాడు. డబ్బు చాలదు. సరిగ్గా అప్పుడే లాంకర్ అనే చిన్న కొండ రాజ్యం నుంచి బేరం వస్తుంది. అక్కడ ఒక డ్యూక్ రాజుని చంపి గద్దెనెక్కాడు. చచ్చిన రాజు దుర్మార్గుడనీ, మంత్రగత్తెలు పాపిష్టివాళ్ళనీ, తాను మంచివాడనీ జనం నమ్మేలా ఒక నాటకం కావాలి అతనికి. సమాజం ఒప్పుకుంటుంది. హ్వెల్ అనే మరుగుజ్జు నాటకకర్త కలం పడతాడు గానీ, అది ఎంతకీ కుదిరి చావదు.

అసలు గ్లోబ్ కూడా డబ్బు కటకటలోనే పుట్టింది. జేమ్స్ బర్బేజ్ 1576లో షోర్‌డిచ్‌లో కట్టిన ‘ద థియేటర్’కి స్థలం లీజు తీరిపోయింది, యజమానితో రాజీ కుదరలేదు. 1598 డిసెంబరు ఆఖర్లో బర్బేజ్ కొడుకులు మనుషుల్ని వెంటేసుకెళ్ళి, కట్టడాన్ని విప్పి కలపంతా పట్టుకుపోయారు! (స్థలం యజమాని కోర్టుకెక్కాడు లెండి.) ఆ కలపతోనే 1599లో థేమ్స్ అవతలి ఒడ్డున గ్లోబ్ లేచింది. పెట్టుబడి చాలక సగం వాటా ఐదుగురు నటులకిచ్చారు. వాళ్ళలో షేక్‌స్పియర్ ఒకడు.

1601 ఫిబ్రవరి 7న ఎసెక్స్ ప్రభువు మనుషులు అక్కడ రెండో రిచర్డ్‌ని గద్దె దించి చంపే నాటకం వేయించారు. షేక్‌స్పియర్‌దేనని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. మర్నాడే ఎసెక్స్ ఎలిజబెత్ రాణి మీద తిరగబడ్డాడు. విచారణలో అగస్టీన్ ఫిలిప్స్ అనే నటుడు ఏం చెప్పాడంటే, అది పాత నాటకం, జనం రారనుకున్నాం, మామూలు కంటే 40 షిల్లింగులు ఎక్కువిస్తామన్నారని ఆడాం, అని. నాకిది సాకు అనిపించదు. విటోలర్‌ని నిలదీసినా ఇదే చెప్పేవాడు. నటులకి శిక్ష పడలేదు. అదే నెల 24న రాణి ముందు ఆడారు, మర్నాడు ఎసెక్స్ తల తెగింది.

డ్యూక్ కోరినలాంటి పనికి దగ్గరగా వచ్చింది మాత్రం ‘మాక్‌బెత్’. దాన్ని 1611లో గ్లోబ్‌లో చూశానని సైమన్ ఫోర్మన్ రాసుకున్నాడు. చరిత్రలో మాక్‌బెత్ డంకన్‌ని పడకగదిలో పొడవలేదు. డంకన్ పోరులో పోయాడు. ఆ తర్వాత మాక్‌బెత్ 1040 నుంచి 1057 దాకా 17 ఏళ్ళు రాజ్యమేలాడు. షేక్‌స్పియర్ చదివిన హోలిన్‌షెడ్ చరిత్రలో బాంకోకి కూడా హత్యలో చెయ్యుంది. కానీ గద్దె మీదున్న జేమ్స్ రాజు తనది బాంకో వంశమని నమ్మేవాడు. నాటకంలో బాంకో నిర్దోషి అయిపోయాడు. ఇది ఎవరైనా డబ్బిచ్చి చేయించిందని నేననను. రాజుగారి మనసెరిగిన రచయితకి ఒకరు చెప్పాలా?

ప్రాచెట్ నవలలో ప్రదర్శన మధ్యలో మంత్రగత్తెలు మంత్రం వేస్తారు. నటులు రాసిచ్చిన మాటలు మరిచిపోయి, హత్య నిజంగా ఎలా జరిగిందో డ్యూక్ ఎదుటే ఆడేస్తారు. మాక్‌బెత్ కోసం ఆ పని చేసినవాళ్ళు లేరు. ఇంత చదివాక కూడా, ఆ పేరు వింటే నాకు ముందు నెత్తుటి బాకే గుర్తొస్తుంది.