గదికీ ఒక కంఠమున్నది

గాయకుని కంఠం ఎంత మధురమైనదైనా, వాద్యం ఎంత శ్రుతిశుద్ధంగా పలికినా, ఆ నాదం మన చెవిని చేరేలోగా గోడలను, పైకప్పును, నేలను తాకి వస్తుంది. కనుక మనం వినేది వాద్యాన్ని మాత్రమే కాదు. దానితో కలసి పలికే గదిని కూడా. లౌడ్ స్పీకర్ విషయంలో ఇది మరింత స్పష్టంగా తెలిసివస్తుంది. అంగడిలో నిండుగా, నిర్మలంగా మ్రోగిన స్పీకరే ఇంటికి తెచ్చుకొన్న తరువాత మృదంగపు తొప్పిని ఉబ్బించి వినిపిస్తుంది. వార్తలు చదివేవారి మాటలలో హల్లులను మింగివేస్తుంది. దోషం యంత్రానిదా, గదిదా? ఈ ప్రశ్నకు ఊహతో కాక కొలతతో సమాధానం చెప్పడానికి జరిగిన ప్రయత్నాల చరిత్ర ఆసక్తికరమైనది. ఇంట్లో స్పీకర్లు అమర్చుకొనేవారికి ఉపయోగకరమైనది కూడా.

ఆ చరిత్ర 1895లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఆరంభమైంది. అక్కడ కొత్తగా కట్టిన ఫాగ్ కళాప్రదర్శనశాలలోని ఉపన్యాస మందిరంలో ఎవరేమి మాట్లాడినా అర్థమయ్యేది కాదు. ఒక మాట పలికితే దాని నాదం సుమారు అయిదున్నర సెకన్లు నిలిచేది. ఆ వ్యవధిలో వక్త మరి పది పదిహేను మాటలు పలుకుతాడు. అవన్నీ ఒకదానిపై ఒకటి పడి కలగాపులగమయ్యేవి. దీనికి నివారణోపాయం కనుగొనే భారం వాలెస్ సేబిన్ అనే యువ భౌతికశాస్త్రాచార్యునిపై పడింది.

సేబిన్ చేతిలో ఉన్న పరికరాలు స్వల్పం: సెకనుకు 512 కంపనాలు చేసే ఆర్గన్ గొట్టం ఒకటి, కాలాన్ని గుర్తించే యంత్రం ఒకటి, తన చెవులు రెండు. వీధుల సందడి అణగిన రాత్రివేళ గొట్టాన్ని మ్రోగించి, హఠాత్తుగా ఆపి, నాదం పూర్తిగా వినరాకుండా పోయేందుకు ఎంత కాలం పట్టినదీ కొలిచేవాడు. పొరుగున ఉన్న శాండర్స్ నాటకశాల నుండి ఆసనాల మెత్తలు తెప్పించి, వాటిని కొద్దికొద్దిగా గదిలో పరుస్తూ మళ్లీ కొలిచేవాడు. మెత్తలు పెరిగినకొద్దీ ప్రతినాదం తగ్గింది. ఆయన నిష్ఠ ఎటువంటిదంటే, తాను ధరించిన దుస్తులు సైతం ధ్వనిని పీల్చుకొని ఫలితాన్ని మారుస్తున్నాయని గ్రహించినప్పుడు, వేలకొద్దీ పరిశీలనలను పక్కకు పెట్టి మళ్లీ మొదలుపెట్టాడు.

ధ్వనిశోషణానికి ఆయన ఎంచుకొన్న ప్రమాణం మన దృష్టిని ఆకర్షించక మానదు. అది తెరచిన కిటికీ. కిటికీ గుండా బయటికి పోయిన ధ్వని తిరిగి రాదు. కనుక అది సంపూర్ణ శోషణం. మెత్త, తివాచీ, మనిషి, గోడ - ప్రతిదీ ఎంత కిటికీతో సమానమో ఆయన లెక్క కట్టాడు. 1898 నాటికి సూత్రం సిద్ధమైంది. నేటి కొలమానంలో చెప్పాలంటే, గది ఘనపరిమాణాన్ని ఘనమీటర్లలో తీసుకొని 0.161తో గుణించి, చదరపు మీటర్లలో లెక్కించిన మొత్తం శోషణంతో భాగిస్తే ప్రతినాద కాలం సెకన్లలో వస్తుంది. ధ్వని తీవ్రత పది లక్షలలో ఒక వంతుకు పడిపోయేందుకు పట్టే కాలమే ప్రతినాద కాలం. ఈ సూత్రం ఆధారంగా రూపొందిన బోస్టన్ సింఫనీ హాల్ 1900 అక్టోబరు 15న ప్రారంభమైంది. అది నేటికీ ప్రపంచంలోని ఉత్తమ సంగీతశాలలలో ఒకటిగా పేరు పొందుతున్నది.

ఈ లెక్కను మన ఇంటికి అన్వయించి చూడండి. అయిదు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు గల గది ఘనపరిమాణం 60 ఘనమీటర్లు. ఉపరితలాల మొత్తం 94 చదరపు మీటర్లు. సిమెంటు గోడలు, కాంక్రీటు కప్పు, పాలరాతి నేల నూటికి మూడు పాళ్లు మాత్రమే ధ్వనిని పీల్చుకొంటే, ప్రతినాదం మూడు సెకన్లు దాటుతుంది. దానిని అరసెకనుకు తేవాలంటే సుమారు 19 చదరపు మీటర్ల తెరచిన కిటికీతో సమానమైన శోషణం కావాలి. నడుమ ఆకాశం కనిపించే మండువా లోగిలిలో పెద్దలు హరికథలు ఏ చిక్కూ లేకుండా ఎందుకు వినగలిగారో ఈ లెక్క కొంతవరకు చెబుతుంది. వారి పైకప్పులో కొంత భాగం సేబిన్ చెప్పిన కిటికీయే.

సేబిన్ కాలంలో చెవే కొలబద్ద. 1917లో బెల్ సంస్థలకు చెందిన వెంటె తన కండెన్సర్ మైక్రోఫోన్‌ను ప్రకటించిన తరువాత ధ్వనిని విద్యుత్తుగా మార్చి కచ్చితంగా కొలవడం సాధ్యమైంది. 1925లో రైస్, కెలాగ్ అనే ఇంజనీర్లు వర్ణించిన కదిలే తీగచుట్ట గల స్పీకరే నేటి స్పీకర్లకు పూర్వరూపం. ఇక ఈక్వలైజర్ పుట్టినిల్లు టెలిఫోను. దూరపు తీగల మీద హెచ్చు స్థాయి స్వరాలు ఎక్కువగా నశిస్తాయి. నష్టపోయినదానిని తిరిగి సమం చేసే వలయానికి సమం చేసేదన్న అర్థంలోనే ఆ పేరు వచ్చింది.

తీగను సరిదిద్దిన సాధనంతో గదిని కూడా సరిదిద్దవచ్చునా? ఈ ఆలోచన ప్రసిద్ధికి వచ్చింది అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో. డల్లాస్ నగరపు లవ్ ఫీల్డ్ విమానాశ్రయంలో ప్రకటనలు స్పష్టంగా వినిపించేందుకు చేసిన సవరణను వేన్ రడ్‌మోస్ 1958లో ప్రచురించాడు. అదే రాష్ట్రంలోని విశ్వవిద్యాలయానికి చెందిన ఆచార్య బోనర్, సభామందిరాలలో మైక్రోఫోన్ కూత పెట్టే స్వరస్థానాలను ఒక్కొక్కటిగా వెదకి, ఆ స్థానంలో మాత్రమే ధ్వనిని తగ్గించే సన్నని వడపోతలను అమర్చాడు. 1967లో ఆల్టెక్ లాన్సింగ్ సంస్థ వినదగిన స్వరపరిధిని అష్టకానికి మూడు భాగాల చొప్పున విభజించి, ఒక్కొక్క భాగాన్ని విడిగా సవరించే పద్ధతిని విపణిలోకి తెచ్చింది. అన్ని అష్టకాలలోనూ సమాన శక్తి గల రొదను స్పీకరు ద్వారా పంపి, మైక్రోఫోన్‌తో పట్టి, హెచ్చుతగ్గులను సరళరేఖగా దిద్దడం నాటి రివాజయింది.

అయితే సరళరేఖ వచ్చినా సంగీతం బాగుండకపోవడం అనేకులకు అనుభవమైంది. కారణమేమంటే ఆ కొలత స్పీకరు నుండి నేరుగా వచ్చిన ధ్వనిని, గోడల నుండి తిరిగివచ్చిన ధ్వనిని ఒకే రాశిగా పోసి లెక్కపెట్టింది. మన చెవి అలా పోయదు. ముందు వచ్చినదానికి ప్రాధాన్యమిస్తుంది. ఈ రెండింటినీ వేరుచేసే మార్గాన్ని 1967లో రిచర్డ్ హైజర్ చూపాడు. క్రమంగా పైకి జారే స్వరాన్ని మ్రోగించి, తగిన ఆలస్యంతో దానినే అనుసరించే వడపోత ద్వారా వింటే, నేరుగా వచ్చిన ధ్వని ఒక్కటే చిక్కుతుంది. 1979లో మన్‌ఫ్రెడ్ ష్రోడర్ గణితసిద్ధమైన సంకేతాలతోను, 2000లో ఇటలీకి చెందిన ఏంజెలో ఫరీనా జారుస్వరంతోను గది స్పందనను కంప్యూటరు ద్వారా గ్రహించే పద్ధతులను ప్రకటించారు. నేడు స్వల్పమైన ధరకు దొరికే మైక్రోఫోన్‌తో గృహస్థుడు ఇంట్లో చేసుకొనే కొలతకు ఇవే పునాది.

ఎక్కడ గది రాజ్యమేలుతుంది, ఎక్కడ స్పీకరు రాజ్యమేలుతుంది అన్న హద్దును కూడా ష్రోడరే నిర్ణయించాడు. ప్రతినాదం అరసెకనుగా ఉన్న మన 60 ఘనమీటర్ల గదిలో ఆ హద్దు సెకనుకు సుమారు 180 కంపనాల వద్ద ఉంటుంది. దానికి దిగువన గది తన కొలతలను బట్టి కొన్ని స్వరాలను ప్రత్యేకంగా పోషిస్తుంది: అయిదు మీటర్ల పొడవు 34 కంపనాలను, నాలుగు మీటర్ల వెడల్పు 43ను, మూడు మీటర్ల ఎత్తు 57ను, ఆపైన వాటి గుణిజాలను. వీణ మంద్ర తంత్రి మీద ఒకానొక స్వరం తక్కినవాటికంటే ఉబ్బి వినిపించడం ఇందువల్లనే. హద్దుకు ఎగువన మాత్రం స్పీకరు గుణమే ప్రధానం. కెనడా జాతీయ పరిశోధన మండలిలో ఫ్లాయిడ్ టూల్, స్పీకరు ఏదో తెలియనీయకుండా శ్రోతలచేత వినిపించి చేసిన పరీక్షలు 1985, 1986లలో వెలువడ్డాయి. ఎదుట సమంగా, పక్కలకు కూడా అదే తీరున పలికే స్పీకర్లనే శ్రోతలు మెచ్చుకొన్నారని అవి తేల్చాయి. పక్కలకు వికృతంగా పలికే స్పీకరును ఏ ఈక్వలైజరూ బాగుచేయలేదు.

ఈ చరిత్రనంతటినీ గమనిస్తే గృహస్థునికి ఒక క్రమం బోధపడుతుంది. ఈక్వలైజర్ హెచ్చిన స్వరాన్ని తగ్గించగలదు. కాని ప్రతినాదపు మూడు సెకన్లను అరసెకను చేయలేదు. నేరుగా వచ్చిన తరంగం, తిరిగివచ్చిన తరంగం పరస్పరం రద్దు చేసుకొన్నచోట ఏర్పడిన లోయను అది పూడ్చలేదు. అక్కడ పది డెసిబెల్స్ పెంచాలంటే యాంప్లిఫయర్ పదిరెట్లు శక్తి ఖర్చు చేయాలి. ఒక తరంగంతో పాటు రెండవది కూడా పెరుగుతుంది గనుక లోయ లోయగానే మిగులుతుంది. కాబట్టి మొదట నేలకు తివాచీ, గోడలకు పుస్తకాల బీరువాలు, కిటికీలకు దళసరి తెరలు అమర్చాలి. పిమ్మట స్పీకర్లను మూలల నుండి ఇవతలకు జరిపి, కూర్చునే తావును కూడా అటూ ఇటూ మార్చి చూడాలి; ఖర్చు లేని ఈ జరుపుట వల్ల కలిగే మేలు తరచు యంత్రాల వల్ల కలిగేదానికంటే ఎక్కువ. అటు తరువాతనే మైక్రోఫోన్ పట్టి, ఒక్క కుర్చీ వద్ద కాక ఇంటిల్లిపాదీ కూర్చునే నాలుగయిదు చోట్ల కొలవాలి. అన్నిచోట్లా ఉమ్మడిగా కనిపించే ఉబ్బులను మాత్రమే తగ్గించాలి. ఒక్కచోట కనిపించే లోయను వదలివేయాలి. గదిలో కొలిచిన రేఖ హెచ్చు స్వరాలవైపు కొద్దిగా వాలి ఉండటం సహజం. దానిని బలవంతాన నిటారుగా లేపితే ధ్వని కీచుమంటుంది. చివరకు పరిచితమైన కంఠమేదైనా, ఏళ్ల తరబడి విన్నదానిని, సవరణతో ఒకసారి, సవరణ లేకుండా మరొకసారి వినాలి. మాటలో ప్రతి హల్లూ తెలిసి, మృదంగం తన తావున తాను పలికితే, అక్కడితో ఆగవచ్చును.